ప్రొలాక్టిన్ గారికి క్యాజువాలిటీ నుంచి ఒక విన్నపం

శ్రీమతి సీరం ప్రొలాక్టిన్ గారికి,

క్యాజువాలిటీ నైట్ డ్యూటీ వాళ్ళు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

హార్మోనుగా తమరి అసలు ఉద్యోగం బాలింతకు పాలు పడేలా చూడటం. పిట్యూటరీ గ్రంథి ముందు భాగంలో సొంతిల్లు, పుట్టిన ప్రతి బిడ్డా మీకు రుణపడే హోదా. ఇంత మర్యాదైన పని చేతిలో ఉండగా, బస్టాండులో దబ్బున పడిపోయిన మనిషికి వచ్చింది ఫిట్సా, ఉత్త కళ్ళు తిరగడమా అని తేల్చే పంచాయతీ మీ నెత్తికెందుకు ఎత్తుకున్నారమ్మా?

పెద్ద ఫిట్స్ వచ్చాక రక్తంలో మీరు పెరుగుతారని 1978లో బయటపడింది, నిజమే. కానీ అప్పుడు పోల్చి చూసింది మానసిక కారణాలతో వచ్చే ఫిట్స్‌లాంటి అటాకులతో. తలకు రక్తం చాలక కాసేపు స్పృహ తప్పి పడిపోయే సింకోపీతో కాదు. ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు, మీరూ నోరు మెదపలేదు. 2005లో అమెరికా న్యూరాలజీ అకాడమీ వాళ్ళు కూర్చుని పాత పరిశోధనలన్నీ తిరగేసి, ఫిట్స్‌కీ సింకోపీకీ తేడా చెప్పడం మీ వల్ల కాదని రాశారు. ఎందుకంటే కళ్ళు తిరిగి పడిపోయినా మీరు పెరుగుతారు. ఇటు పిలిస్తే ఇటు, అటు పిలిస్తే అటు పలికే సాక్షిని ఏ కోర్టు నమ్ముతుంది చెప్పండి? 2012లో ఇంగ్లండు మార్గదర్శకాలు మూర్ఛ వ్యాధి నిర్ధారణకు మిమ్మల్ని వాడొద్దనే అన్నాయి. అయినా రక్తపరీక్షలు రాసే మా రిక్విజిషన్ ఫారంలో క్రియాటినిన్ పక్కన మీ పేరు మీద టిక్కు పడుతూనే ఉంది.

టైము సంగతి చూద్దాం. ఫిట్స్ ఆగిన 10 నుంచి 20 నిమిషాల్లో మీరు బాగా పైన ఉంటారు. తర్వాత దిగడం మొదలెట్టి, 6 గంటలయ్యేసరికి ఏమీ ఎరగనట్టు మామూలైపోతారు. మరి మా వైపు ఏం జరుగుతుంది? మనిషి పడ్డాడు. ఇనప తాళాల గుత్తి ఎవరి దగ్గరుందని కాసేపు వెతుకులాట. (తాళాలు చేతిలో పెడితే ఒరిగేదేమీ లేదు. ఆ చేతులతోనే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెడితే మేలు.) తర్వాత 108కి ఫోను, ట్రాఫిక్కు, ఓపీ చీటీ, బిల్లింగ్ కౌంటరు, అప్పుడు సూది. అప్పటికి మీరు సగం దూరం దిగిపోయి ఉంటారు. "ప్రొలాక్టిన్ నార్మల్, ఫిట్స్ కాదు" అని కేస్ షీట్‌లో ఎక్కుతుంది. సరైన టైముకే రక్తం తీశామనుకోండి, పెద్ద ఫిట్స్‌లోనే పదింట నాలుగుసార్లు మీరు పెరగరు. పైగా రెట్టింపైతేనే లెక్క అంటారు. దేనికి రెట్టింపు? ఆ మనిషి మామూలు స్థాయికి. అది తెలియాలంటే 6 గంటలాగి రెండో శాంపిల్ తీయాలి. ఈలోపు షిఫ్ట్ మారుతుంది, ఆ రెండో ట్యూబు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇక మీ బంధువర్గం. మన ఊళ్ళలో పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రలు చాలావాటిలో పాంటోప్రజోల్‌తోపాటు డోంపెరిడోన్ ఉంటుంది, అది మిమ్మల్ని పెంచుతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ పెంచుతుంది, మానసిక జబ్బులకిచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులు పెంచుతాయి. గర్భిణి, పాలిచ్చే తల్లి, థైరాయిడ్ తక్కువున్నవాళ్ళు సరేసరి. వీళ్ళలో ఎవరు కళ్ళు తిరిగి పడినా మీ రిపోర్టు బోల్డు అక్షరాల్లో వస్తుంది, పక్కన పైకి బాణం గుర్తు.

నవ్వి ఊరుకుందామంటే ఆ బాణం చూసి ఎవరో ఒకరు ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఎక్కించమంటారు. కిలోకు 20 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి 1200. నిజానికి ఆయన పడింది గుండెలో కరెంటు దారి తెగి, అంటే హార్ట్ బ్లాక్ వల్ల అయితే? రెండో, మూడో డిగ్రీ బ్లాక్ ఉన్నవాళ్ళకు ఫెనిటాయిన్ రక్తనాళంలోకి ఇవ్వనే కూడదు. నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటితే బాగున్న గుండెలో కూడా బీపీ పడిపోతుంది, లయ తప్పుతుంది.

మీ చెల్లెలు లాక్టేట్‌ది ఇంతకన్నా నయమైన నడత. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్‌లో కండరాలు ఆక్సిజన్ చాలక గ్లూకోజును సగమే కాల్చి లాక్టేట్‌ను రక్తంలోకి వదులుతాయి. మామూలు సింకోపీలో మనిషి పడుకోగానే తలకు రక్తం అందుతుంది, కండరాలకు అంత శ్రమ ఉండదు. అందుకే పడిన 2 గంటల్లోపు తీసిన రక్తంలో లీటరుకు 2.5 మిల్లీమోల్ దాటితే మొగ్గు ఫిట్స్ వైపు. కొన్ని ల్యాబులు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, 9తో భాగించి చూసుకోవాలి. డెసిలీటరుకు 22 మిల్లీగ్రాములున్న రిపోర్టు చూసి "అమ్మో 22" అని ఐసీయూకి పరిగెత్తనక్కర్లేదు.

ఆవిడనీ మేం కుదురుగా ఉండనివ్వం. చేతికి టూర్నికే పట్టీ బిగించి నరం కోసం అయిదు నిమిషాలు తడుముతాం, "పిడికిలి మూసి తెరువు బాబూ" అంటాం, లాక్టేట్ అక్కడే పెరుగుతుంది. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో తీసి ఐసు మీద పంపాల్సింది, ఏ ట్యూబు దొరికితే ఆ ట్యూబులో తీసి కిటికీ గట్టు మీద పెడతాం. లోపల ఎర్రకణాలు గ్లూకోజు తింటూ లాక్టేట్ తయారుచేస్తూనే ఉంటాయి. రక్తంలో వాయువులు కొలిచే ఏబీజీ మెషీన్ ఉన్నచోట ఈ గొడవ లేదు, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ సిరంజిలో సిర రక్తం తీసి వెంటనే పెడితే రెండు నిమిషాల్లో అంకె చేతికొస్తుంది. ల్యాబ్ స్లిప్పు మీద రక్తం తీసిన టైముతోపాటు పడిన టైము కూడా రాస్తే ఆ అంకెకు అర్థముంటుంది. రెండో గడి ఎప్పుడూ ఖాళీ.

ఆవిడా దేవత కాదు. సెప్సిస్ (ఒళ్ళంతా ముదిరిన ఇన్ఫెక్షన్), కాలేయ జబ్బు, మద్యం, ఆస్తమాకిచ్చిన సాల్బుటమాల్ నెబ్యులైజేషన్, అన్నిటికీ పెరుగుతుంది. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్నవాడిలోనూ పెరుగుతుంది, దాన్ని ఫిట్స్ అని పొరబడతామన్నదే అసలు భయం. 2 గంటలయ్యాక మళ్ళీ చూసినా దిగకపోతే ఫిట్స్ మాట పక్కన పెట్టి ఇంకో కారణం వెతకాలి. ఒక చెయ్యి మాత్రమే కొట్టుకునే చిన్న ఫిట్స్‌లో ఆవిడ ఉలకదు, పలకదు.

కండరాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైము సీపీకే పెద్దాయన మాట ముక్తసరిగా: ఆయన మర్నాటి మనిషి. క్యాజువాలిటీలో తొలి శాంపిల్ నార్మలే వస్తుంది, మర్నాడో ఎల్లుండో పెరుగుతాడు. ఈలోపు పిర్రకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేశారంటే దాని వల్లా పెరుగుతాడు.

ఇంత ఖర్చుకు ముందు చేయాల్సినవాటికి బార్‌కోడ్ లేదు, అందుకే గిట్టుబాటు కావు కాబోలు. వేలి చివర గుచ్చి షుగర్ చూడటం అన్నిటికన్నా ముందు. తర్వాత టార్చి వేసి నాలుక. పక్క అంచు కొరుక్కుని ఉంటే ఫిట్స్‌కు అది గట్టి సాక్ష్యం, కొస మీద గాటుకు అంత బలం లేదు. పంచె తడిసిందా లేదా అన్నదాన్ని బట్టి ఏమీ తేలదు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయంటే ఫిట్సేనా? 1994లో లెంపర్ట్ బృందం కావాలనే స్పృహ తప్పించి వీడియో తీసిన 42 మంది ఆరోగ్యవంతుల్లో 38 మందికి కుదుపులొచ్చాయి. కాబట్టి చూసినవాళ్ళను లెక్క అడగాలి: కుదుపులు పదిలోపైతే సింకోపీ వైపు, ఇరవై దాటితే ఫిట్స్ వైపు. పడేముందు మొహం పాలిపోయి చెమట పట్టిందా, లేచాక ఎంతసేపు పొంతన లేకుండా మాట్లాడాడు, ఎవరైనా ఫోన్లో వీడియో తీశారా? పడుకోబెట్టి 5 నిమిషాలకు, నిలబెట్టి 3 నిమిషాలదాకా బీపీ చూడాలి. నిలబడ్డాక పై అంకె 20 తగ్గితే కారణం దొరికినట్టే. ఈసీజీ ఏ వయసువాళ్ళకైనా తప్పదు, పరిగెడుతూ పడిన కుర్రాళ్ళకు మరీను. అందులో క్యూటీ అనే గుండె విద్యుత్ వ్యవధిని కొలవాలి, మెషీన్ ముద్రించిన అంకె చూసి వదిలేయకూడదు.

అందువల్ల తమరు దయచేసి హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ ఓపీకి వెళ్ళిపోండి. అక్కడ నెలసరి ఆగినవాళ్ళు మీ కోసం బెంచీల మీద ఎదురుచూస్తున్నారు.

ఇట్లు,
క్యాజువాలిటీ సిబ్బంది

తా.క. మీ కోసం తీసిన ఎర్ర మూత ట్యూబులో సీరం మిగిలింది. పడిపోయి వచ్చినాయన వృద్ధుడు, బీపీకి ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపే థయజైడ్ మాత్ర వాడుతున్నాడు కదా అని అందులోంచే సోడియం, కాల్షియం చూడమన్నాం. బిల్లు మాత్రం మీ పేరునే పడింది.