టీడీ సూది మీద తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

"గర్భిణులకు వేసే టీడీ సూదిలో పిల్లలు పుట్టకుండా చేసే మందు కలుపుతున్నారు. మన అమ్మమ్మలు ఏ సూదీ లేకుండానే పదిమందిని కన్నారు. బిడ్డకు ఎలాగూ వేస్తారు, తల్లికెందుకు? బాలింత టీకా వేయించుకుంటే పాలు పాడవుతాయి." ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే మెసేజ్ సారాంశం ఇదీ. టీడీ అంటే ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీకా.

అమ్మమ్మలు పదిమందిని కన్నమాట నిజమే. ఎంతమంది బతికారో కూడా వాళ్లనే అడగండి. బొడ్డు కొడవలితోనో పాత బ్లేడుతోనో కోసి, బూడిదో పేడో అద్దేవారు. రెండు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి చన్ను పట్టడం మానేసేది. దవడ బిగుసుకుపోయేది, చిన్న చప్పుడుకే ఒళ్లు విల్లులా వంగేది. గాలి సోకిందనేవారు. అది ధనుర్వాతం. తల్లికి టీకా పడితే ఆమె ఒంట్లో పుట్టిన రక్షణ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. శుభ్రమైన కాన్పులూ, ధనుర్వాతం టీకాలూ కలిసి, 2015 నాటికి దేశంలోని ప్రతి జిల్లాలో ఈ జబ్బును వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కన్నా తక్కువకు దించాయి.

పిల్లలు పుట్టరన్న పుకారుకు ఒక మూలం ఉంది. ఢిల్లీలో డాక్టర్ జి.పి. తల్వార్ బృందం గర్భనిరోధక టీకా మీద పరిశోధన చేసింది. అందులో గర్భం నిలవడానికి కావలసిన హెచ్‌సీజీ హార్మోన్ భాగాన్ని, ధనుర్వాతం టీకాలో ఉండే టాక్సాయిడ్‌కి (విషగుణం తీసేసిన పదార్థానికి) జతచేశారు. అది వేరే మందు, గర్భిణులకు వేసే టీకాల్లోకి ఎన్నడూ రాలేదు. 2014లో కెన్యా కాథలిక్ బిషప్‌లు ఈ రెండింటినీ ముడిపెట్టి గొడవ చేశారు. మన దగ్గర తొలి కాన్పుకు సూది వేయించుకున్నవాళ్లే మలి కాన్పుకు మళ్లీ ఏఎన్ఎం నర్సు దగ్గరికి వస్తున్నారు. కుట్రే అయితే బొత్తిగా పనిచేయని కుట్ర! అలా వచ్చేటప్పుడు పాత ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తెచ్చుకోవాలి. గత మూడేళ్లలో రెండు డోసులు పడి ఉంటే ఒక్క బూస్టర్ చాలు. లేదంటే నాలుగు వారాల ఎడంతో రెండు.

పాల సంగతి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ టీకాలు గర్భంతో ఉండగా వేయరు, అంతవరకు నిజం. కాన్పయ్యాక పాలిస్తూనే వేయించుకోవచ్చు. పాలిచ్చే తల్లులకు మామూలుగా వద్దనేది ఎల్లో ఫీవర్ టీకా ఒక్కటే అనుకోవచ్చు, దాని అవసరం ఇక్కడ ఉన్నవాళ్లకు రాదు.

ఇక "బిడ్డకు ఎలాగూ వేస్తారు" అన్నది. కోరింత దగ్గును ఆపే పెంటావాలెంట్ (బిడ్డకు వేసే ఐదు జబ్బుల టీకా) తొలి డోసు ఆరో వారంలో గానీ పడదు. ఆ దగ్గు ప్రాణం మీదికి తెచ్చేది సరిగ్గా ఆ పసికందులకే. తల్లికి 27 నుంచి 36 వారాల మధ్య టీడాప్ (టీడీకి కోరింత దగ్గు రక్షణ కూడా కలిపిన టీకా) వేస్తే ఆ ఖాళీ పూడుతుంది. టీడీలో ఆ రక్షణ లేదు. టీడాప్ ప్రభుత్వ ఉచిత టీకాల్లో లేదు, ప్రైవేటులో కొనుక్కోవాలి. మెసేజ్ రాసినవాళ్లు దీని మీద కోప్పడి ఉంటే నేనూ ఫార్వర్డ్ చేసేదాన్ని.