కొంచెం అడ్జస్ట్ అవ్వండి

30 రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు ‘అడ్జస్ట్’ ఎదురుగా ‘సర్దుకొను’ అని రాసి చేతులు దులుపుకుంటాయి. ఇది అన్యాయం. అందుకే భాషాసేవగా ఆ మాటకి అసలు అర్థం నేనే సేకరించాను, రైల్లో.

సంక్రాంతి ముందు సికింద్రాబాద్‌లో విశాఖ రైలు ఎక్కాను. స్లీపరు, కింది బెర్తు, రెండు నెలల ముందే చేయించుకున్న రిజర్వేషను. రైలు కదలకముందే ఒకావిడ “బాబూ, కొంచెం అడ్జస్ట్ అవుతారా?” అంది. జరిగాను. కాజీపేటలో ఆవిడ పక్కన ఓ పిల్లాడు మొలిచాడు. వరంగల్‌లో పిల్లాడి తాతగారు. ఖమ్మంలో పక్క బోగీ నుంచి ఆవిడ తమ్ముడు, అరిసెల డబ్బాతో సహా. ఆయన తన కోసం అడగలేదు పాపం, డబ్బా కోసం అడిగాడు. పక్కకి ఒరిగితే నూనె కారుతుందట. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బెర్తు మీద పడుకునే హక్కు నాదని రూలు చెప్పబోయాను. “చదువుకున్నవాళ్లు, ఈమాత్రం అడ్జస్ట్ అవ్వకపోతే ఎలాగండీ!” అన్నారు తాతగారు, నా దిండుకి ఆనుకుని. విజయవాడ దాటాక నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అరిసెలు హాయిగా పడుకున్నాయి.

పరిశోధనలో తేలిందేమిటంటే, ఈ క్రియకి మధ్యమ పురుష తప్ప ఉత్తమ పురుష లేదు. “నేను అడ్జస్ట్ అవుతాను లెండి” అన్న ప్రయోగం ఇంతవరకూ నా చెవిన పడలేదు. రైల్వేవారు దీనికి ఆర్ఏసీ అని పేరు పెట్టి, పూర్తి చార్జీ వసూలు చేసి, ఒకే సైడు లోయరు మీద ఇద్దరిని కూర్చోబెడతారు. ఆంధ్రాలో కరెంటు బిల్లు మీద ‘సర్దుబాటు చార్జీలు’ అని అచ్చ తెలుగులోనే వడ్డిస్తారు. అక్కడా సర్దుకునేది కరెంటోళ్లు కాదు.

సరే, ఇంతవరకూ నవ్వుకున్నాం. మొన్న మా వీధిలో ఒక అమ్మాయి తెల్లారకముందే పుట్టింటికి వచ్చింది. చెంప వాచి ఉంది. పదకొండింటికి పెద్దమనుషులు చేరి, కాఫీలు తాగి, “కాపురమన్నాక కొంచెం అడ్జస్ట్ అవ్వాలి తల్లీ” అన్నారు. ఎంత కొంచెం? చెంప ఎటు జరపాలి? ఆ అల్లుడికి ఫోన్ చేసి “నువ్వు అడ్జస్ట్ అవ్వు నాయనా, చెయ్యి జేబులో పెట్టుకో” అనడానికి ఒక్కడికీ నోరు పెగల్లేదేం? గృహహింస చట్టం 2005లోనే వచ్చింది కదా అన్నాను. సంసారాల్లో చట్టాలేమిటండీ అని, కొట్టింది నేనే అయినట్టు చూశారు. సిగ్గుండాలి!

ఆ పుస్తకాలని అనవసరంగా ఆడిపోసుకున్నాను. సాయంత్రం బస్సుకి వాళ్లమ్మ ఆ పిల్ల బట్టలన్నీ సంచీలో సర్దింది.