కారు విలువెంత? ముందు ఎవరడుగుతున్నారో చెప్పండి

రోడ్డు ప్రమాదాల గురించి మన దేశంలో చాలామంది మాట్లాడుతున్నారు. ప్రమాదం మర్నాడు ఇంట్లో మొదలయ్యే రెండో ప్రమాదం మీద మాత్రం ఇంతవరకూ ఒక్క కమిషన్ కూడా వెయ్యలేదు. మనుషులంతా క్షేమం, దెబ్బ తిన్నది కారొక్కటే అని తేలాక, దాన్ని బాగు చేయించి ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అనే చర్చ మొదలవుతుంది. అందులోంచి క్షేమంగా బయటపడినవాళ్లని ఈ వ్యాసకర్త ఇంతవరకూ చూడలేదు. ప్రభుత్వం ఎలాగూ పట్టించుకోదు కాబట్టి ఆ లోటు ఈ వ్యాసం తీరుస్తుంది.

అధ్యయనం కోసం మా వీధి చివరింటి లెక్కల మాస్టారి కారుని తీసుకున్నాం. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ముందున్న లారీ ఆగింది. మాస్టారు ఆగలేదు. సీటు బెల్టు ఉంది, ముందు ఎయిర్‌బ్యాగులు రెండూ తెరుచుకున్నాయి, ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. బానెట్ మడత పడింది, రేడియేటర్ లోపలికి వెళ్లింది, కూలెంట్ అంతా రోడ్డు పాలు. లారీకి ఏమీ కాలేదు. డ్రైవరు దిగి, వెనక్కి వచ్చి చూసి, "చూసుకోవాలి కదండీ" అని సలహా ఇచ్చి వెళ్లిపోయాడు.

కారుని షోరూంకి ఈడ్చుకొచ్చాక అక్కడివాళ్లు ఎస్టిమేటు వేశారు. 2 లక్షల 94 వేలు. ఇక్కడి నుంచీ పాఠకులు కాస్త జాగ్రత్తగా చదవాలి, పరీక్షలో వస్తుంది.

బీమా భాషలో కారుకి ఒక విలువ ఉంటుంది. ఐడీవీ అంటారు. కారు మొత్తం పోతే కంపెనీ ఇచ్చేది ఆ డబ్బే. కొన్న ఆరు నెలల్లోనే అది 5 శాతం తగ్గుతుంది, ఏడాది నిండేలోపు 15, అలా దిగుతూ దిగుతూ నాలుగు నుంచి అయిదేళ్ల మధ్యకి వచ్చేసరికి సగానికి చేరుతుంది. అయిదేళ్లు దాటితే ఇక పట్టిక కూడా లేదు, ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. రిపేరు ఖర్చు ఈ ఐడీవీలో 75 శాతం దాటిందా, కారు పోయినట్టే లెక్క. దీన్నే టోటల్ లాస్ అంటారు. ఇంజన్ స్టార్టవుతున్నా, ఏసీ చల్లగా వస్తున్నా, పాటలు వినిపిస్తున్నా సరే, కాగితం మీద కారు లేదు.

మాస్టారి కారు తొమ్మిది లక్షలది, అయిదో ఏడు నడుస్తోంది. పట్టిక ప్రకారం నాలుగున్నర లక్షలు రావాలి. కానీ పాలసీ రెన్యువల్ ఆన్‌లైన్‌లో చేసేటప్పుడు తెర మీద ఒక గీత, ఆ గీత మీద ఒక చుక్క కనిపిస్తాయి. చుక్కని ఎడమకి జరిపితే కారు విలువ తగ్గుతుంది, దాంతోపాటు ప్రీమియమూ తగ్గుతుంది. తెలుగువాడు ఆ చుక్కని కుడికి జరిపిన దాఖలా ఈ వ్యాసకర్త పరిశోధనలో దొరకలేదు. మాస్టారూ ఎడమకే జరిపారు, నాలుగు లక్షల దగ్గర ఆపారు. వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా మిగిలింది. ఆ సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని, బీమా కంపెనీవాళ్లకి తను ఎలా బుద్ధి చెప్పారో అందరికీ వివరించారు కూడా.

ఇప్పుడు లెక్క కట్టండి. నాలుగు లక్షల్లో 75 శాతం, మూడు లక్షలు. ఎస్టిమేటు దానికి ఆరువేలు తక్కువ. అంటే కారు బతికే ఉంది. మూడోరోజు షోరూంవాళ్లు ముందుభాగం విప్పి చూసి, లోపల ఇంకా కొన్ని పోయాయని సప్లిమెంటరీ ఎస్టిమేటు పంపారు. మొత్తం 3 లక్షల 12 వేలయింది. బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయరు గారు ఒప్పుకున్నారు. కారు పోయింది. చుక్కని కదపకుండా వదిలేసి ఉంటే టోటల్ లాస్ హద్దు 3 లక్షల 37 వేల అయిదువందల దగ్గర ఉండేది, కారు ఇప్పుడు షోరూంలో రంగు వేయించుకుంటూ ఉండేది. కారుని చంపింది లారీ అని వీధిలో అందరూ అనుకుంటున్నారు. అసలు దోషి మాస్టారి కుడిచేతి చూపుడువేలు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మాస్టారికి జీరో డెప్ పాలసీ ఉంది, అంటే మార్చిన భాగాలకి తరుగు కోసుకోరు. అది లేనివాళ్ల బాధ ఇంకా లోతైనది. వాళ్ల కారులో ఒక్కో భాగానికీ ఒక్కో వయసు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్, బ్యాటరీ, టైర్లు, ఎయిర్‌బ్యాగులు షోరూం గేటు దాటిన రోజే సగం ముసలివైపోతాయి, వాటికి కంపెనీ ఇచ్చేది సగం ధరే. ఇనుప రేకు మాత్రం మనుషుల్లా ఏటేటా కొంచెం కొంచెం ముసలిదవుతుంది. అద్దానికి నిత్యయవ్వనం, ఎన్నేళ్లయినా తరుగు లేదు. కాబట్టి గుద్దుకోక తప్పనప్పుడు అద్దం వైపు నుంచి గుద్దుకోవడం ఆర్థికంగా లాభమని ఈ వ్యాసకర్త సూచన.

సర్వేయరు వచ్చిన రోజు మాస్టారి ఇంట్లో కారు విలువ మీద కొత్త వాదన వినిపించింది. "బంగారం లాంటి బండండీ, లీటరుకి ఇరవై వస్తుంది, సర్వీసు ఒక్కటి కూడా మిస్ కాలేదు, కనీసం ఆరు లక్షలు చేస్తుంది." నాలుగు లక్షలని తెర మీద ఒప్పుకున్న నోరే ఇది. సర్వేయరు గారు అనుభవజ్ఞులు, కాఫీ తాగి, ఏమీ మాట్లాడకుండా ఛాసిస్ నంబరు ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. నాలుగేళ్లు ఒక్క గీతకి కూడా క్లెయిమ్ పెట్టకుండా కూడబెట్టుకున్న 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో తగ్గింపు) కూడా ఆయన వెంటే వెళ్లిపోయింది.

తర్వాత కుటుంబ సమావేశం. మాస్టారి తల్లిగారు ఈ బండి మళ్లీ గుమ్మంలోకి రాకూడదన్నారు. నంబరు కూడితే ఎనిమిది వస్తుందనీ, కొన్నప్పుడే చెప్పాననీ, ఎవరూ వినలేదనీ గుర్తు చేశారు. భార్య, "ఏమండీ, ఈసారి ఆటోమేటిక్ తీసుకుందాం" అన్నారు. అది ప్రశ్న కాదు, తీర్మానం. కూతురు అమెరికా నుంచి వీడియో కాల్‌లో, అక్కడైతే ఇలాంటి కారుకి సాల్వేజ్ టైటిల్ అని, అంటే ఒకసారి పోయిన బండి అని, కాగితం మీదే రాసేస్తారు నాన్నా అని చెప్పింది. కాగితం మీద రాస్తే ఇక దాన్ని కొనేదెవరమ్మా అని మాస్టారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

అప్పుడు లేచారు బావమరిది గారు. ప్రతి తెలుగు ఇంటికీ ఇలాంటి ఒక బావమరిది ఉంటారు, ఆయనకి ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ ఉంటాడు. "బావా, నాకు వదిలెయ్" అన్నారు. ఆయన పథకంలోని లోతు చూశాక మన ఆర్థికవేత్తల మీద నాకున్న కాస్త గౌరవం కూడా పోయింది.

పథకం ఇది. టోటల్ లాస్ అయినా కారు తుక్కుని మనమే ఉంచుకోవచ్చు. వేలంలో తుక్కుకి లక్షా అరవై వేలు పలికింది. అది తీసేసి మిగతా రెండు లక్షల నలభై వేలు కంపెనీ ఇస్తుంది. (కారు మీద లోను ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకి వెళ్తుంది. మాస్టారికి పోయిన నెలతోనే తీరిపోయింది, అదొక్కటి నిజంగా అదృష్టం.) షోరూంలో మూడు లక్షల పన్నెండు వేలయ్యే పని ఆటోనగర్‌లో లక్షా పదివేలకి అవుతుంది. షోరూంలో పార్టు మారుస్తారు, ఆటోనగర్‌లో లాగుతారు, తడతారు, పుట్టీ పెడతారు, రంగు కొడతారు. తర్వాత మూడున్నర లక్షలకి అమ్మెయ్యడమే. బతికున్నప్పుడు నాలుగు లక్షలైన కారు చచ్చాక, ఖర్చులు పోను, నాలుగు లక్షల ఎనభై వేలు తెచ్చిపెడుతుంది. జీవితమంతా లెక్కలు చెప్పిన మాస్టారు బావమరిదిని మొదటిసారి గౌరవంగా చూశారు.

ఆటోనగర్ పనితనాన్ని ఎవరూ తక్కువ చెయ్యకూడదు. అక్కడి టింకరింగ్ మనిషి మడత పడ్డ రేకుని చేత్తో తడిమి, సుత్తితో పలకరించి నిలబెట్టగలడు. చిక్కు అతనితో కాదు, అతనికి చెప్పేవాళ్లతో. పని మొదలెట్టే ముందు అతనే అడిగాడు, "సార్, ఎయిర్‌బ్యాగులు కొత్తవి వెయ్యాలా? బెల్టులు కూడా లాక్ అయిపోయాయి, అవీ మార్చాలి. ఎయిర్‌బ్యాగుల్ని నడిపే మాడ్యూలు కూడా." ఎయిర్‌బ్యాగు ఒక్కసారికే పనికొస్తుంది. గుద్దుకున్నప్పుడు బెల్టుని బిగించే పరికరమూ అంతే. ముందుభాగంలో నలిగిపోవడానికే తయారుచేసిన రేకు కూడా ఒకసారి నలిగాక, తట్టి నిలబెట్టినా, రెండోసారి అలాగే నలుగుతుందని నమ్మకం లేదు. ఇవన్నీ ఆ మెకానిక్‌కి తెలుసు. బావమరిది గారికీ తెలుసు.

"ఎంతవుతుంది?"

"లక్ష దాటుద్ది సార్."

"డ్యాష్‌బోర్డు మీద కవరు కుట్టించి, వార్నింగ్ లైటు ఆర్పెయ్."

బంపర్ పక్కింటివాళ్లకి కనపడుతుంది, కాబట్టి కొత్తది పడింది. హెడ్‌లైట్లు ఎదురింటివాళ్లకి కనపడతాయి, అవీ కొత్తవే. ఎయిర్‌బ్యాగు ఎవరికీ కనపడదు. దాని విలువ ఎంతని ఆ కుటుంబ సమావేశంలో ఎవరూ అడగలేదు, కాబట్టి దానికి విలువ లేదు. మాస్టారు కాస్త ఇబ్బందిగా కదిలారు గానీ, "మనం నడపం కదా బావా" అనే సమాధానంతో కుదుటపడ్డారు.

చట్టం ఉంది కదా అని కొందరు పాఠకులు అడగొచ్చు. ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 55 ప్రకారం బండి ధ్వంసమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, ఓనరు పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి తెలియజేసి ఆర్సీ రద్దు చేయించుకోవాలి. మాస్టారి కారు కాగితం మీద చచ్చి, రోడ్డు మీద లేచింది కాబట్టి ఇది తనకి వర్తించదని బావమరిది గారి న్యాయాభిప్రాయం. ఇక కొన్నవాడి పేరు మీదకి బండి మార్చకపోతే, రేపు అతను ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అందుకే బావమరిది గారు ముందుజాగ్రత్తగా బండి పేరు మార్పుకి పెట్టే ఫారం 29, ఫారం 30 మీద మాస్టారి చేత సంతకాలు పెట్టించేశారు. తేదీ, కొన్నవాడి పేరు ఖాళీగా వదిలారు. ఎవడు కొంటాడో ఇప్పుడే ఎలా తెలుస్తుంది?

వాడిన కారు కొనేవాళ్లు కూడా అమాయకులేమీ కాదు. బానెట్ బోల్టుల మీద రంగు చెదిరిందా, పిల్లర్ రబ్బరు కింద వెల్డింగ్ చుక్కలు ఉన్నాయా, ముందు అద్దం మీద వేసిన తయారీ ఏడాది మిగతా అద్దాలతో కలుస్తోందా అని చూస్తారు. షోరూంలో సర్వీసు చరిత్ర తీయించి చదువుతారు. దీనికి బావమరిది గారి దగ్గర సిద్ధంగా ఉన్న సమాధానం: "రేకు మీద చిన్న టచప్ అండీ, అంతే."

నిన్న సాయంత్రం కారుని కడిగి, నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీశారు. ప్రకటన పాఠం మాస్టారే స్వయంగా రాశారు, చేతిరాత ఇప్పటికీ ముత్యాల్లా ఉంది:

"సింగిల్ ఓనర్, రిటైర్డ్ ఉపాధ్యాయుడు వాడిన కారు. సర్వీసు మొత్తం షోరూంలోనే. ఇంజన్ మీద చెయ్యి వెయ్యలేదు. కొత్త బంపర్, కొత్త హెడ్‌లైట్లు. ఎయిర్‌బ్యాగులు రెండు. ఫ్యామిలీకి చాలా సేఫ్. ధర 3.65, చూశాక మాట్లాడుకోవచ్చు."