కుట్టు మిషను గారికి టైలరమ్మ రాయునది

మహారాజశ్రీ కుట్టు మిషను గారి సముఖమునకు,

ఇరవై ఏళ్లుగా తమరి పాదం కింద బట్ట తోసి బతుకుతున్న టైలరమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం గురించి అడగక్కర్లేదు. జైలు నుంచి విడుదలైన ఆడవాళ్లకి పునరావాసం అనే మాట వినబడిందంటే చాలు, స్టేజీ మీద దండ వేసుకుని తమరే ప్రత్యక్షం.

చిట్టీల డబ్బు ఎగ్గొట్టి వెళ్లినామెకీ మీరే. గంజాయి బ్యాగు మోసి రైల్లో దొరికినామెకీ మీరే. మొగుడి చావు కేసులో వెళ్లినామెకీ మీరే. మేం చదువుకోని టైలర్లమే అయినా, ఒకరి ఆదితో ఇంకొకరికి జాకెట్టు కుట్టం. చంకలో పట్టేస్తుంది.

పోయిన నెల ఒకామె మిమ్మల్ని ఆటోలో వేసుకుని నా షాపుకి తెచ్చింది, అమ్మకానికి. నల్లరంగు మెరుస్తోంది, చక్రానికి బెల్టు కూడా ఎక్కించలేదు. బల్ల మీద పసుపు పెయింటుతో దాత గారి పేరు, దాని కింద ముఖ్య అతిథి గారి పేరు. అన్నీ తిప్పి చూస్తే బాబిన్ కేసు లేదు. అది లేకపోతే అడుగు దారం ఎక్కదు, ఒక్క కుట్టు పడదు. ఫోటోలో కనపడని సామాను కదా, ఎవరికి పడుతుంది!

"కుట్టడం రాదా అమ్మా?" అన్నాను. మాట్లాడకుండా నా మిషను మీద కూర్చుని ఒక లైనింగ్ జాకెట్టుకి మెడ తిప్పి ఇచ్చింది. నా పనికంటే నున్నగా ఉంది. నిజం చెప్పొద్దూ, కొంచెం కుళ్లుకున్నాను. నాలుగేళ్లు లోపల కుట్టిందట. సర్టిఫికెట్టు కూడా ఉందని పాలిథిన్ కవరులోంచి తీసింది. అడుగున జైలు ముద్ర. చూపిస్తే పని రాదు, చూపకపోతే పని వచ్చని రుజువు లేదు.

మన వ్యాపారం మీకు తెలియనిదేముంది. కంచిపట్టు ముక్కతో పాటు ఒంటికి సరిపోయే ఒక్కగానొక్క ఆది జాకెట్టు కూడా మన చేతిలో పెట్టి పోతారు. "జైలుకెళ్లొచ్చింది" అన్న మనిషి గుమ్మంలో ఎవరు పెడతారు? అసలంటూ గుమ్మం ఉంటే. అత్తారు తలుపు తియ్యలేదు. పుట్టింటివాళ్లు తమ్ముడి పెళ్లి అయ్యేదాకా ఇటు రావద్దన్నారు. తాను దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టు ఉంది ఆమె పని. ఆ డోలు తమరే, ఏమనుకోకండి.

పిల్లాడు హాస్టల్లో ఉన్నాడు. జైల్లో తల్లి దగ్గర ఆరేళ్లదాకా బిడ్డని ఉండనివ్వొచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరు నిండాక వాడు బయటికి, అమ్మ లోపల. ఇప్పుడు అమ్మ బయటికొచ్చినా వాణ్ని తెచ్చుకోవాలంటే ముందు ఒక గది కావాలి. గది అద్దెకివ్వాలంటే ఇంటి ఓనరుకి పాత అడ్రసు కావాలి. ఇందులో మీరు కుట్టగలిగింది ఏదైనా ఉంటే చెప్పండి.

ఇలాంటివాళ్లకి చోటివ్వాలని శక్తి సదన్ అనే సర్కారు పథకం ఆశ్రయ గృహాల నియమాల్లో రాసే ఉంది. ఇదివరకు దాన్ని స్వధార్ గృహం అనేవాళ్లు. బోర్డు మార్చడంలో మనవాళ్లు చాలా చురుకు. అంతకంటే పాతది ఇంకోటుంది, 1958 నాటి ప్రొబేషన్ చట్టం. చాలా నేరాల్లో జైలుకి పంపకుండానే, మంచి నడవడికకి బాండు రాయించుకుని, ఒక అధికారి కనిపెట్టుకుని ఉండేలా ఇంటికి పంపొచ్చు. అదే ఎక్కువగా జరిగితే మీకు ఇన్ని సన్మానాలు ఉండవు కదా!

2022 చివరి లెక్కకి దేశంలో జైళ్లలో ఉన్న ఆడవాళ్లు 23,772 మంది. మొత్తం ఖైదీల్లో నూటికి నలుగురు. అంత తక్కువమంది గురించి ఎవరు బుర్ర బద్దలు కొట్టుకుంటారు, తలా ఒక మిషను అంటే సరి. వాళ్లలో ఎక్కువమందికి శిక్షే పడలేదు, విచారణ ఖైదీలు. ఏ వాయిదాకి బెయిలొస్తుందో తెలియని మనిషికి ఆరునెలల కోర్సు ఎవరు మొదలుపెడతారు? వాళ్లకి మీ దర్శనం కూడా అనుమానమే.

హైదరాబాదు చంచల్‌గూడలో జైళ్ల శాఖ పెట్రోలు బంకులో జైలుకెళ్లిన ఆడవాళ్లే పంపు పట్టుకున్నారని విన్నప్పుడు తమరి మనసు కష్టపడే ఉంటుంది. బండికి పెట్రోలు కొట్టేటప్పుడు కొట్టేది ఎవరని ఎవరూ అడగరు. లీటరు లీటరే.

ఇంతకీ మిమ్మల్ని నేను కొనలేదు. షాపు వెనక గదిలో వేయించి, ఆమెకి ఫాల్స్, హుక్కులు, లైనింగులు అప్పజెప్పాను. కస్టమర్లకి మాత్రం "మా పిన్ని కూతురు" అని చెప్పాను. నా ధైర్యం అంతవరకే.

బాబిన్ కేసు అరవై రూపాయలు, నేనే పెట్టుకున్నాను. బిల్లు దాత గారికి పంపాలా, ముఖ్య అతిథి గారికి పంపాలా, కనుక్కుని ఒక ముక్క రాయించగలరు.

ఇట్లు,
తమరి టైలరమ్మ