గాలి లెక్క ఏది?

2025 నుంచి ఏటా మార్చి 21న ప్రపంచ హిమానీనదాల దినోత్సవం వస్తోంది. ఏ వేదిక మీద విన్నా ఒకటే మాట: ఎండలు ముదిరాయి, మంచు కరుగుతోంది. అబద్ధం కాదు, సగం మాట. ఆ మంచు మీద రాత్రీపగలూ వీచే గాలి ఊసే ఉండదు. తిత్లీ తుపానును వాన మిల్లీమీటర్లలో మాత్రమే చెప్పినట్టుంది ఇది. 2018 అక్టోబరు 11న ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని కూల్చిందేమిటో మన శ్రీకాకుళం జిల్లాకు ఒకరు చెప్పాలా?

కరిగే మంచు సున్నా డిగ్రీలు దాటదు. దాన్ని ఆనుకుని పరుచుకున్న చల్లని గాలిపొర పైవేడిని దిగనివ్వదు. గాలి ఆ పొరను చెదరగొడుతుంది. ఉష్ణోగ్రత మారకున్నా గాలివేగం సెకనుకు 3 మీటర్ల నుంచి 6కు పెరిగితే, గాలి నుంచి మంచుకు చేరే వేడి దాదాపు రెట్టింపవుతుంది. తేమగాలైతే మరీ చేటు. కిలో ఆవిరి మంచు మీద నీరుగా మారితే వెలువడే వేడికి ఏడున్నర కిలోల మంచు కరుగుతుంది. పొడిగాలైతే కథ తిరగబడుతుంది. మంచు నేరుగా ఆవిరవుతుంది. అందుకు కరగడానికి పట్టే వేడికి ఎనిమిది రెట్లకు పైగా ఖర్చవుతుంది గనుక కరుగుదల తగ్గుతుంది. థర్మామీటరులో అంకె ఒకటే, ఫలితాలు రెండు. గాలి లెక్క లేకుండా ఏది నిజమని తేలుస్తారు?

మంచు ఉపరితలాన్ని చెక్కేదీ గాలే. వదులు మంచును ఒక వాలున ఊడ్చి మరో వాలున పోస్తుంది. గట్టిపడిన మంచును తనకు ఎదురుగా మొనదేలిన గట్లుగా కోస్తుంది. గరుకు పెరిగితే సుడులు పెరిగి వేడి ఇంకా దిగుతుంది. ఊడ్చేసిన చోట మురికి మంచుగడ్డ బయటపడుతుంది. తాజా మంచు ఎండను 80 శాతానికి పైగా తిప్పికొడితే, ఆ గడ్డ తిప్పికొట్టేది 20-40 శాతమే.

నాగావళి, వంశధార వాననదులు, మనకెందుకీ గొడవ అనేవారున్నారు. ఆ కరిగిన నీరు చేరే సముద్రం మన తీరానిది కాదా? సియాచిన్ కాపలాలో మన జవాన్లు లేరా?

మంచు మీద గాలిని కొలవడం కష్టమేనన్నది ఒప్పుకుంటాం. పాతిన స్తంభం చుట్టూ మంచు దిగిపోతుంది. 2 మీటర్ల ఎత్తున బిగించిన, గాలివేగం కొలిచే ఎనిమోమీటరు నెలల్లో 3 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, స్తంభం ఒరుగుతుంది. గాలికి తిరిగే దాని గిన్నెలకు మంచు పేరుకుంటే తిరగడం ఆగి, హోరుగాలిలోనూ సున్నా నమోదవుతుంది. ఎవరో ఒకరు వెళ్లి సరిచేస్తూనే ఉండాలి. ఎవరెస్టు దక్షిణ వాలున 5,050 మీటర్ల ఎత్తున పిరమిడ్ కేంద్రంలో ఏళ్ల తరబడి కొలిచారు గనుకే అక్కడ వాలుగాలి, అంటే మంచు మీద చల్లబడి వాలు దిగే గాలి, బలపడుతోందని తెలిసింది.

2035కల్లా హిమాలయ హిమానీనదాలు అంతరిస్తాయన్న వాక్యం ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో దూరి, 2010లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. సగం లెక్కతో గట్టిగా మాట్లాడేవారే, నిజంగా కరుగుతున్న మంచును కూడా జనం నమ్మకుండా చేస్తారు. దినోత్సవాలకు డబ్బుంటుంది, ఒరిగిన స్తంభాన్ని నిలబెట్టే మనిషికి ఉండదా? ముందు గాలి లెక్క తెండి, తర్వాత వేదికెక్కండి.