అకార్బోజ్‌ను మించిన పుట్టగొడుగా?

వానలు మొదలైతే ఏజెన్సీ సంతల్లోకి అడవి పుట్టగొడుగులు వస్తాయి. విశ్వవిద్యాలయాల నుంచేమో పరిశోధన పత్రాలు వస్తాయి: ఫలానా పుట్టగొడుగు సారం, పిండిపదార్థాలను గ్లూకోజుగా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైమును, మధుమేహ మందు అకార్బోజ్ కన్నా ఎన్నో రెట్లు బలంగా అణిచిందని. వాటిని చూపించి 'షుగర్‌కు విరుగుడు' అంటూ పొడి డబ్బాలు అమ్మేవాళ్లూ తయారవుతారు.

తిరకాసు ఆ పోలికలోనే ఉంది. ఈ పరీక్షల్లో తరచూ వాడేది చవగ్గా దొరికే ఈస్టు ఎంజైము. అకార్బోజ్ దాని మీద పెద్దగా పనిచేయదు; అది పేగుల్లోని ఎంజైములను అడ్డుకునే మందు. రెండింటికీ పేరు ఒకటే గానీ ప్రొటీన్ కుటుంబాలు వేరు. చేతులు కట్టేసిన వస్తాదును పడగొట్టి గెలిచామన్నట్టుంది ఇది. ఎలుక పేగు నుంచి తీసిన ఎంజైముతో, మాల్టోజ్, సుక్రోజ్ అనే చక్కెరల మీద మళ్లీ పరీక్షిస్తే గానీ అసలు బలం తేలదు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. పుట్టగొడుగును 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, పొడి కొట్టి, గ్రాముకు 10 మి.లీ. మిథనాల్‌లో నానబెట్టి వడకట్టాలి. మిథనాల్ ఆవిరయ్యాక మిగిలిన సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, ఆమ్లత్వాన్ని మారనివ్వని పీహెచ్ 6.8 బఫర్ ద్రావణంలో ఎంజైముతో కాసేపు ఉంచి, ఎంజైము విడగొడితే పసుపు రంగునిచ్చే పీఎన్‌పీజీ కలపాలి. సోడియం కార్బొనేట్‌తో చర్యను ఆపి, 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పసుపు రంగును కొలవాలి. పొరపాట్లన్నీ ఈ పరీక్ష జరిపే ప్లేటు గుంటల్లోనే జరుగుతాయి. సారానికీ రంగుంటుంది, ఎంజైము కలపని గుంట విలువను తీసేయకపోతే ఉన్న నిరోధం కూడా కనిపించదు. సారం ఆమ్లగుణంతో బఫర్‌ను మించితే ఎంజైము దానంతటదే మందగిస్తుంది. డీఎంఎస్‌ఓ 1 శాతం దాటకూడదు, సారం కలపని కంట్రోల్ గుంటలోనూ అంతే ఉండాలి. కొన్ని పదార్థాలు ముద్దకట్టి ఎంజైమును చుట్టేస్తాయి, 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలపగానే నిరోధం మాయమైతే, కనిపించింది ఈ ముద్దల పనేనని అనుమానించాలి.

ఏ పుట్టగొడుగో తేల్చే ఎండు నమూనా, జాతిని గుర్తించే ఐటీఎస్ డీఎన్‌ఏ వరుస లేని పత్రానికి విలువే లేదు. నిరోధకం కాబట్టి మేలే చేస్తుందనీ లేదు: అమానిటా ఫాలాయిడీస్ అనే విష పుట్టగొడుగులోని ఆల్ఫా అమానిటిన్ కూడా ఎంజైము నిరోధకమే. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను ఆపి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడికించినా పోదు.

వెతుకులాటే వద్దనడం లేదు. 1970ల్లో జపాన్‌లో అకిరా ఎండో దాదాపు 6,000 శిలీంధ్ర రకాలను జల్లెడ పట్టి కాంపాక్టిన్‌ను పట్టుకున్నారు. కొలెస్టరాల్‌ను తగ్గించే స్టాటిన్ మందులకు అదే ఆద్యం. అయితే ఆయన ముడి సారం దగ్గర ఆగలేదు, పదార్థాన్ని విడదీసి శుద్ధి చేశారు. ఆ కోవలో లోవాస్టాటిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చేసరికి 1987 అయింది.

ఈస్టు ఎంజైము మీద వచ్చిన సంఖ్యను అకార్బోజ్ పక్కన పెట్టి గొప్పలు చెప్పే పత్రాన్ని సమీక్షకులు వెనక్కి పంపాలి. డబ్బాల సంగతికొస్తే, అభ్యంతరకర మందుల ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టంలో, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల షెడ్యూలులో మధుమేహం ఉంది. అధికారులు దాన్ని ప్రయోగించాలి.