పాట దీవిది, పేరు ఎవరిది?

కేప్ వెర్డే గాయని సెజారియా ఎవోరా 1992లో పాడిన ‘సొదాద్’ అనే పాట ఆ దేశాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. అట్లాంటిక్ సముద్రంలో, పశ్చిమ ఆఫ్రికా తీరానికి ఎదురుగా ఉన్న పది దీవుల దేశం అది. మొత్తం జనాభా మన గుంటూరు నగరమంత కూడా ఉండదు. ఆ పాటను సెజారియా కంటే ముందే 1974లో అంగోలా గాయకుడు బోంగా రికార్డు చేశాడు. ఇంత దూరం ప్రయాణించిన పాటను కట్టింది అర్మాందో జెఫెరీనో సోరెస్ అని కోర్టు తేల్చింది మాత్రం 2006 డిసెంబరులో. అప్పటికి పాట పుట్టి అర్ధ శతాబ్దం దాటింది. నాలుగు నెలలైనా గడిచీ గడవకముందే, 2007 ఏప్రిల్‌లో ఆయన చనిపోయారు.

సోరెస్‌ది సావ్ నికొలావ్ దీవిలోని ప్రయా బ్రాంకా అనే పల్లె. 1940లలో వరుస కరువులకు ఆ దీవుల్లో వేల మంది తిండి లేక చచ్చిపోయారు. మిగిలినవాళ్లలో ఎందరినో పోర్చుగీసు పాలకులు తమ మరో ఆఫ్రికా వలస అయిన సావ్ టోమే దీవిలోని కోకో తోటలకు కాంట్రాక్టు కూలీలుగా ఓడలెక్కించారు. వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం లేదు. అలా వెళ్తున్నవాళ్లను సాగనంపుతూ 1950లలో ఆయన ఈ పాట కట్టారు. జనం దాన్ని నోటి నుంచి నోటికి అందుకున్నారు. ఆ తర్వాత అది తమదని వేరేవాళ్లు చెప్పుకున్నారు. తన పాట తనదేనని చెప్పుకోవడానికి ఆ పెద్దాయన ముసలితనంలో పోరాడాల్సి వచ్చింది.

చట్టం లేక ఇలా జరిగిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. కాపీరైట్‌కు అంతర్జాతీయంగా ఆధారమైన బెర్న్ ఒప్పందం ఏ రిజిస్ట్రేషనూ అడగదు. రచన పుట్టిన క్షణమే హక్కు పుడుతుందంటుంది. కేప్ వెర్డే 1990లోనే సొంత కాపీరైట్ చట్టం చేసుకుంది, 1997లో బెర్న్‌లో చేరింది, 2009లో కొత్త చట్టం తెచ్చింది. అయినా డబ్బు హక్కు వెంట వెళ్లదు, కాగితం వెంట వెళ్తుంది. రేడియోలో పాట మోగితే, పాటకర్తల తరఫున డబ్బు వసూలు చేసి పంచే రాయల్టీ సంఘం తన పుస్తకంలో ఎవరి పేరుందో వాళ్లకే చెల్లిస్తుంది. పల్లెలో పాట కట్టినవాడికి అలాంటి పుస్తకం ఒకటుందని కూడా తెలియదు. 1975లో స్వాతంత్ర్యం వచ్చేదాకా పాలన నడిచింది లిస్బన్ నుంచి. దీవుల సంగీతానికి పేరు తెచ్చిన మోరబేజా రికార్డ్స్ 1965లో మొదలైంది రోటర్‌డామ్‌లో. సెజారియా రికార్డులు వచ్చింది పారిస్ నుంచి. స్టూడియోకు, ఆఫీసుకు దగ్గరగా ఉన్నవాళ్ల పేరే పుస్తకంలోకి ఎక్కింది.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాం. తన పాట తనదని రుజువు చేసుకునే బరువు పేద కళాకారుడి మీద ఉండకూడదు. ఆ పని రాజ్యానిది, రాయల్టీ సంఘానిది. కేప్ వెర్డేకు ఇప్పుడు సొంత సంగీత సంఘం ఉంది. ఎవరో వచ్చి ఫారం నింపుతారని అది రాజధాని ప్రయాలో కూర్చుంటే సోరెస్ కథే మళ్లీ నడుస్తుంది. దీవి దీవికీ వెళ్లాలి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే క్రియోలు భాషలోనే వాళ్ల మాటను రికార్డు చేసి, దాన్నే సాక్ష్యంగా తీసుకోవాలి. ఫారం పోర్చుగీసులో ఉండాల్సిందే అన్నామంటే సగం మందిని గుమ్మం దగ్గరే ఆపేసినట్టు. ఈ పనికి వ్యవధి కూడా ఎక్కువ లేదు. 1950ల పాటలకు సాక్షులుగా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

డబ్బు ఎక్కడిదంటారా? సాల్, బోవా విస్తా దీవుల హోటళ్లలో సాయంత్రమైతే మోర్నా పాటలు, అంటే ‘సొదాద్’ లాంటి ఆ దీవుల సంప్రదాయ పాటలు వినిపిస్తాయి. యూరప్ పర్యాటకులు ఎండకూ సముద్రానికీ వస్తారు, కానీ ఆ సాయంత్రాలకు అందం తెచ్చేది పాటే. పర్యాటకమే ఆ దేశానికి ప్రధాన ఆదాయం. 2019లో యునెస్కో మోర్నాను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ప్రభుత్వం పండగ చేసుకుంది. మంచిదే. ఆ సంబరానికి తగ్గట్టు ప్రతి హోటలూ సంగీతానికి లైసెన్స్ రుసుము కట్టేలా కూడా చూడాలి. ఆ చెల్లింపు ప్రభుత్వ రేడియో, టీవీలతోనే మొదలవ్వాలి. సర్కారే ఎగ్గొడితే హోటల్ యజమానిని ఏ మొహంతో అడుగుతారు?

ఈ గొడవ మనకూ కొత్త కాదు. పల్లెల్లో పాడుకునే జానపదం సినిమాకెక్కి కోట్ల వ్యూస్ తెచ్చుకున్నాక, అది ఎవరి పాట, ఎవరు సేకరించారు అన్న తగవు మన దగ్గరా చూశాం. 2012లో మన చట్టాన్ని సవరించి, సినిమా పాట రాసినవారూ స్వరపరిచినవారూ తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేసే వీల్లేకుండా చేశారు. అది గొప్ప మార్పు. కానీ అది పేరున్న రచయితకు దొరికిన రక్షణ. పేరే నమోదు కాని పల్లె గాయనికి దాంతో ఒరిగిందేమీ లేదు.

కేప్ వెర్డే విషయంలో పోర్చుగల్‌కు కూడా బాధ్యత ఉంది. 1975కు ముందు నాటి దీవుల పాటలు అక్కడి సంఘాల పుస్తకాల్లో ఏమేం ఉన్నాయో, ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ జాబితా మొత్తాన్ని ప్రయాకు అప్పగించాలి. అనుమానం ఉన్న ప్రతి పాటకూ దీవుల్లోనే విచారణ జరగాలి. తేలేదాకా ఆ పాట రాయల్టీని ఎవరికీ ఇవ్వకుండా విడిగా ఉంచాలి, తేలాక అసలు మనిషికి, ఆయన లేకపోతే వారసులకు అందజేయాలి.